స్పిరిట్టు దూది

అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనం పెట్టే క్యాంటీను మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. పప్పు బాగుండేది, గోంగూర ఇంకా బాగుండేది, మూడోసారి అన్నం అడిగినా ఎవరూ మొహం చిట్లించేవారు కాదు. కానీ మనం కూర్చోగానే ఒకాయన తడిగుడ్డ పట్టుకుని వచ్చి టేబుల్ తుడిచేవాడు. పొద్దున్నుంచీ అదే గుడ్డ. ఆయన తుడవకముందు టేబుల్ శుభ్రంగానే కనిపించేది. తుడిచాక మాత్రం మనకన్నా ముందు అక్కడ కూర్చున్నవాళ్ల చరిత్రంతా దాని మీద తేలేది. సాంబారు ఒలకబోసుకున్నారా, పెరుగు చాలలేదా, వెంట చంటిపిల్ల ఉందా, అన్నీ చెప్పొచ్చు. వద్దు భయ్యా అంటే, "సాఫ్ కర్ రహా హూఁ మేడమ్" అని ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిప్పేవాడు. శుభ్రం చేస్తున్న మనిషితో పోట్లాడటం కష్టం. మనం నోరు తెరవకముందే న్యాయం ఆయన పక్షాన ఉంటుంది.

నేను శనివారాలు అక్కడ తినేదాన్ని. ఢిల్లీలో ఒక ఆస్పత్రికి వెళ్లి, పాత ఎక్స్‌రే ఫిల్ముల కట్టలు తీసుకుని, బస్సులో ఘాజియాబాద్ దాకా మోసుకుపోవడం ఆ రోజుల్లో నా పని. అక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో డాక్టరేటు చేస్తున్నాను. డాక్టరేటు అనగానే మా చుట్టాలు మోకాళ్ల నొప్పికి మందు అడిగేవారు. మెషీన్ లెర్నింగ్ అని వివరంగా చెప్పబోతే, మా పిన్ని కుట్టుపని ఎప్పుడైనా అక్కరకొస్తుందిలే అని ఓదార్చింది.

పని నిజానికి చెప్పడానికి తేలిక. రొమ్ములో గడ్డ ఉన్న ఆడవాళ్లకు తీసిన మామోగ్రామ్ ఫిల్ములను స్కానర్ మీద పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించాలి. గడ్డ ఉన్నచోట చదరంగా ఒక ముక్క కత్తిరించి చూపించాలి. సూదితో ముక్క తీసి పరీక్ష చేసినవాళ్ల ఫిల్ములు కాబట్టి ఏది క్యాన్సర్ గడ్డో, ఏది ఏ అపాయమూ లేని మామూలు గడ్డో మనకు ముందే తెలుసు. ఇవి మంచివి, ఇవి చెడ్డవి అని రెండు గుట్టలు దాని ముందు పోస్తే, తేడా ఏమిటో అదే పట్టుకోవాలి. తర్వాత ఎప్పుడూ చూడని ఫిల్ము పెట్టినా ఏ గుట్టలోదో చెప్పాలి. చెబుతుంది కూడా. ఏం చూసి చెప్పిందో మాత్రం చెప్పదు. ఆ విషయంలో అది నన్ను పెళ్లిచూపులు చూసి వెళ్లిన కుటుంబాలలాంటిది. జవాబు వస్తుంది, కారణం రాదు.

మా మిషను బ్రహ్మాండంగా చెప్పేది. అంత నమ్మకంగా పనిచేసే వస్తువు మా కాలేజీలో ఇంకొకటి లేదు, లిఫ్టుతో కలిపి. నా గైడు, ఆయన్ను సారు అందాం, లక్నో మనిషి. తిట్టినా 'ఆప్' అనే తిట్టేవారు. మిషను జవాబులు చూసి ఆయన నన్ను 'బేటా' అనడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆయనకు నా పేరు సరిగా గుర్తుండేది కాదు.

ఆ ఫిల్ములు నాకు దొరికాయంటే కారణం ఆంటీ. ఆంటీ అంటే మా ఇంటి ఓనరు. వాళ్లింట్లో వెనక గదిలో నేను అద్దెకుంటూ, వాళ్ల వంటే తినేదాన్ని. ఆవిడది బాపట్ల దగ్గర ఊరు. చిన్నప్పుడే నర్సింగు చదివి ఢిల్లీ వచ్చి, ఆ ఆస్పత్రిలోనే ఎక్స్‌రే విభాగంలో ఇన్‌ఛార్జి సిస్టరు అయింది. ఆవిడ నడుస్తూ వస్తే పేషెంట్లే కాదు, డాక్టర్లు కూడా లేచి నిలబడేవాళ్లు. ఇది రాసేముందు ఫోన్ చేసి, ఆంటీ మీ సంగతి రాయొచ్చా అని అడిగాను. "రాసుకో. నన్ను లావుగా మాత్రం రాయమాక" అంది. రాయడం లేదు.

ఇక ఆ ఆస్పత్రిలో ఒక అలవాటు గురించి చెప్పాలి. అక్కడ ఫిల్ములు చూసే పెద్ద డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఏదైనా గడ్డ ఆయనకు చెడ్డదిగా కనిపిస్తే, ఫిల్ము మీద పసుపుపచ్చ మైనపు పెన్సిలుతో దాని చుట్టూ గుండ్రం గీసేవాడు, సర్జన్లతో మీటింగులో చూపించడానికి. మామూలుగా కనిపిస్తే గీసేవాడు కాదు. ఆయన గీశాడంటే చాలాసార్లు అది చెడ్డదే అయ్యేది.

ఆ ఫిల్ములు మా చేతికి వచ్చినప్పుడు సారు పెట్టిన మొట్టమొదటి నియమం, గుండ్రాలన్నీ తుడిచెయ్యాలని. జవాబు రాసి ఉన్న ప్రశ్నపత్రం ఇస్తే పరీక్ష ఎలా అవుతుంది అన్నారు. మంచి మాట. నేను, మా ల్యాబులో ఇంకో ఇద్దరు, ఖాళీ దొరికితే ఆంటీ కూడా, స్పిరిట్టులో దూది ముంచి ఒక్కో గుండ్రాన్నీ తుడిచాం. పసుపు జాడ ఎక్కడా కనపడకుండా తుడిచాం. ఆంటీ అయితే దీపం బుడ్డి తోమినట్టు తోమేది. దేశంలో ఇంత నిజాయితీగా జరుగుతున్న పరిశోధన ఇంకొకటి ఉంటుందా అని నాకు అప్పుడప్పుడు అనిపించేది.

అలా నడుస్తుండగా ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా, కూర అడుగంటిందని చెప్పినంత మామూలుగా ఆంటీ నాతో తన విషయం చెప్పింది.

"నాకూ ఒకటి తగిలిందే. ఎడంవైపు. డాక్టరు సూదేసి చూద్దామంటున్నాడు. నేనొద్దన్నా."

ఎందుకొద్దన్నారు అన్నాను.

"ఆయనకు అనుమానం జబ్బు. పెళ్లి ఫోటో చూపిచ్చినా ఇదేదో తేడాగా ఉంది, పక్కనుంచి ఇంకోటి తీపిద్దాం అంటాడు. పెన్సిలు తీశాడు గీద్దామని. నేను ఫిల్ము లాక్కుని బ్యాగులో పెట్టేసుకున్నా."

అసలు కారణం సాయంత్రానికి బయటపడింది. వాళ్ల చర్చిలో ప్రతి ఆదివారం ప్రార్థన మనవులు చదువుతారు. ఫలానా సోదరి ఆపరేషను గురించి, ఫలానా సోదరుడి ఉద్యోగం గురించి అందరూ కలిసి ప్రార్థించాలని మైకులో పేరుపేరునా చెబుతారు. సూది వేయించుకుంటే ఆస్పత్రిలో తెలుస్తుంది. ఆస్పత్రిలో సగంమంది నర్సులు ఆ చర్చివాళ్లే. ఇక వచ్చే ఆదివారం తన పేరూ, తన రొమ్మూ మైకులో వినిపిస్తాయని ఆవిడ భయం. దేవుడికి చెప్పుకోవడానికి ఆవిడకు అభ్యంతరం లేదు. మైకులో అయితే ఒద్దు. పైగా, ఇన్నేళ్లు ఆ బల్ల పక్కన నిలబడి జనాన్ని కదలొద్దని గద్దించినదాన్ని, నేనెళ్లి ఆ బల్ల మీద పడుకోవాలా అని అడిగింది. అంకుల్‌కు చెప్పలేదు. అంకుల్ సెంట్రల్ గవర్నమెంటు గుమాస్తా. ఏ విషయమైనా పైవాళ్లకు తెలియపరచందే ఆయనకు నిద్రపట్టదు.

చెప్పడం అయ్యాక, పాత క్యాలెండరు కాగితంలో చుట్టిన ఫిల్ము తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీ మిషన్లో పెట్టి చూడు. అది సరే అంటే సరే. కాదంటే అప్పుడు చూద్దాం."

నేను పెట్టాను. పెట్టకుండా ఉండాల్సిందేమోనని తర్వాత కొందరు అన్నారు. ఆవిడ అడిగింది, నేను పెట్టాను. మిషను ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, ఆకుపచ్చ అక్షరాల్లో, అపాయం లేదు అంది. ఆ సోమవారం ఇంట్లో కోడి పలావు. దేవుడు నీ మిషన్ని వాడుకున్నాడే అని ఆంటీ నా పళ్లెంలో లెగ్ పీసు వేసింది. ఆ ఇంట్లో లెగ్ పీసు అంటే సామాన్యమైన గౌరవం కాదు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. ఆస్పత్రిలో ఎవరికీ చెప్పని మనిషి, మా సారుకు తనే ఫోన్ చేసి, మీ మిషను నాకు సూది తప్పించింది అని కృతజ్ఞతలు చెప్పింది. సారు దాదాపు గాల్లో తేలారు. ఎందుకంటే ఆ గురువారం ఢిల్లీ సాకేత్‌లో ఒక హాల్లో మా మిషను ప్రదర్శన ఉంది. ప్రభుత్వం తరఫున ఒక కమిటీ వస్తోంది. వాళ్లకు నచ్చితే ఆస్పత్రుల్లో మిషన్లు పెడతారు. మిషను అపాయం లేదన్నవాళ్లకు సూది పరీక్ష అక్కర్లేదు, అటునుంచి అటే ఇంటికి పంపేస్తారు. ఆంటీని వచ్చి రెండు మాటలు చెప్పమని సారు బతిమాలారు. పరాయివాళ్ల ముందు చెప్పడానికి ఆవిడకు ఏ భయమూ లేదు. కమిటీలో ఆ చర్చివాళ్లు ఎవరూ ఉండరు.

దీని మధ్యలో ఒక రోజు కమిటీకి కాగితాల కోసం ఢిల్లీ వెళ్లి క్యాంటీనులో భోజనానికి కూర్చున్నాను. తడిగుడ్డ ఆయన వచ్చాడు. తుడిచాడు. ఆ రోజు నేను కిటికీ పక్కన కూర్చున్నాను, ఎండ ఏటవాలుగా టేబుల్ మీద పడుతోంది. పైనుంచి చూస్తే టేబుల్ మెరుస్తోంది. తల కొంచెం వంచి చూస్తే, చెయ్యి తిరిగిన దారంతా పొగపట్టినట్టు మసగ్గా, గుండ్రంగా కనిపిస్తోంది. పప్పు వచ్చేదాకా ఆ గుండ్రాన్నే చూస్తూ కూర్చున్నాను. పప్పు వచ్చాక కూడా. రెండోసారి అన్నం అడగకుండా లేచేసరికి వడ్డించేవాళ్లు కంగారుపడి, ఒంట్లో బాగాలేదా మేడమ్ అన్నారు.

ల్యాబుకు వెళ్లి, తుడిచిన ఫిల్ము ఒకటి తీసి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకున్నాను. ఉంది. గడ్డ చుట్టూ, దూది తిరిగిన మేర, పలచటి మసక. కంటికి ఆనేది కాదు. కానీ మా స్కానరు కంటికన్నా శ్రద్ధగా చూస్తుంది, అందుకే కదా కొన్నది. క్యాన్సర్ గుట్టలో దాదాపు ప్రతి ఫిల్మూ అలాగే ఉంది. మామూలు గడ్డల గుట్టలో పెన్సిలే పడలేదు కాబట్టి, తుడిచే అవసరమే రాలేదు కాబట్టి, దాదాపు అన్నీ నిగనిగలాడుతున్నాయి.

ఏ అపాయమూ లేదని సూది పరీక్షలో తేలిన ఒక ఫిల్ము తీసి, మైనపు పెన్సిలుతో గుండ్రం గీశాను. స్పిరిట్టు దూదితో శుభ్రంగా తుడిచాను. స్కానర్ మీద పెట్టాను. మిషను ఎర్ర అక్షరాల్లో క్యాన్సర్ అంది. ఇంకొకటి చేశాను. క్యాన్సర్. చివరికి ల్యాబులో ఎక్కడో పడి ఉన్న ఎవరిదో చీలమండ ఎక్స్‌రే తీసి, దాని మీద గీసి, తుడిచి, ఆ చదరపు ముక్క చూపించాను. చీలమండకు రొమ్ము క్యాన్సర్ ఉందని మా మిషను ఎంతో ధీమాగా చెప్పింది.

అంటే అది ఇన్నాళ్లూ గడ్డలను చూడనే లేదు. మేం ఎక్కడ తుడిచామో చూసి చెబుతోంది. డాక్టరు గీయబోతే ఆంటీ ఫిల్ము లాక్కుంది, కాబట్టి దాని మీద తుడిచిన జాడ లేదు, కాబట్టి ఆవిడకు అపాయం లేదంది. ఆవిడ ఎడంవైపు ఏముందో ఆ మిషనుకు ఎంత తెలుసో, మా క్యాంటీను టేబుల్‌కూ అంతే తెలుసు.

చీలమండ పట్టుకుని సారు గదికి వెళ్లాను. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తెలివిగల మనిషి, నాకన్నా ముందే అర్థమై ఉంటుంది. తర్వాత నెమ్మదిగా, దేఖో బేటా అని మొదలుపెట్టి, ప్రతి పద్ధతిలోనూ చిన్నచిన్న లోపాలుంటాయని, వాటిని సరిదిద్దడానికి తర్వాత బోలెడు సమయం ఉందని, ఇంటికి చుట్టాలొచ్చే రోజున గోడలో పగులు చూపిస్తామా అని అన్నారు. చుట్టాలు ఆ గోడ కిందే పడుకోబోతున్నారు కదా సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు అందరూ ఏదో ఒకటి తుడుస్తూనే ఉన్నారు.

"బేటా, నువ్వేం మాట్లాడొద్దు. మాట్లాడేది నేను. నువ్వు బటన్ నొక్కు, అంతే. ఠీక్ హై?"

"నొక్కుతాను సార్" అన్నాను.

ఏ బటనో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కోపం నాకు వెంటనే రాదు. మా ఊరి నుంచి పచ్చళ్లు వచ్చినట్టు, బయల్దేరిన చాలా రోజులకు, మూత కారుతూ వస్తుంది. ఆ సాయంత్రం బస్సులో వచ్చింది. సారు అబద్ధమాడమన్నందుకు కాదు. ఆయన అబద్ధమేమీ ఆడమనలేదు, ఊరుకోమన్నారు అంతే. ఎక్కడో ఒక ఆస్పత్రిలో, పెన్సిలు ఆదా చేసే డాక్టరు ఉన్న ఊళ్లో, ఒకావిడ ఆకుపచ్చ అక్షరాలు చూసి సంతోషంగా ఇంటికెళ్లి కోడి పలావు వండుకుంటుంది. నా మిషను వల్ల. ఆ పలావు నాకు ఇంకా అరిగినట్టు లేదు.

ముందు ఆంటీకి చెప్పాలి. ఆవిడ సూది వేయించుకుంటే చాలు, కమిటీ సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. వంటింట్లో నిలబడి మొత్తం చెప్పాను. పెన్సిలు, దూది, చీలమండ. ఆవిడ చపాతీలు కాలుస్తూ ఒక్క ముక్క వదలకుండా వింది.

"అయిపోయిందా?" అంది.

అయిపోయింది ఆంటీ అన్నాను.

"పరీక్ష బాగా రాసొచ్చి, ఫెయిలైపోతానని ఏడ్చే పిల్లలుంటారు చూడు. అట్టాంటిదానివి నువ్వు. రేపు అంతమంది ముందు చూపియ్యాలి కదా, భయం పట్టుకుంది."

భయం కాదు ఆంటీ, మిషనుకు నిజంగా ఏమీ తెలీదు అన్నాను.

"నీ మిషను మీద నీకు నమ్మకం లేకపోతే నేనేం జెయ్యను? నాకుంది."

తల పట్టుకోవాలనిపించింది. నా పని మీద ప్రపంచంలో ఒక్క మనిషికి అచంచలమైన విశ్వాసం కుదిరింది, సరిగ్గా అది కుదరకూడని మనిషికి. డాక్టరుగారి మాటైనా వినండి అంటే, ఆయనకు అనుమానం జబ్బు అని ముందే చెప్పానుగా అంది. చీలమండ చూపిస్తానంటే, చీలమండలూ గీలమండలూ నాకెందుకు, నాది చూసింది కదా, నాది బాగుందంది కదా అంది. అంకుల్ హాల్లోంచి, ఏమిటి, ఎవరికి బాగుంది అని కేకేశారు. ఫ్రిజ్జుకండీ, బాగుచేశారు అంది ఆంటీ. నా వైపు చూసి, ఇక చాలన్నట్టు చపాతీ పళ్లెంలో వేసింది.

ఆ రోజే తేలిపోయింది. ఆవిడ నా మాట నమ్మదు, మిషను మాటే నమ్ముతుంది. కాబట్టి ఆ మాట మిషను చేతే చెప్పించాలి. సారుకు ఎదురు తిరగడానికి నాకు ఇంతకన్నా గొప్ప సిద్ధాంతమేమీ లేదు. తర్వాత ఇది ఆవేశమని, తొందరపాటని, కడుపునిండిన తిరుగుబాటని రకరకాలుగా అన్నారు. అననీ. దీనివల్ల నా డిగ్రీ ఎంత ఆలస్యమైందో నేను చెప్పను. మా అమ్మను ఎవరడిగినా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది. ఇవాళ మళ్లీ ఆ హాల్లో నిలబెడితే మళ్లీ అదే చేస్తాను. ఈసారి దూది కొంచెం ఎక్కువ తీసుకెళ్తాను.

గురువారం సాకేత్ హాల్లో ఏసీ ఎంత బాగా పనిచేసిందంటే, కమిటీవాళ్లు శాలువాలు ఎందుకు కప్పించుకున్నారో అర్థమైంది. కమిటీకి ఒక పెద్దావిడ అధ్యక్షురాలు. తక్కువ మాట్లాడి ఎక్కువ రాసుకునే రకం. సారు చాలా బాగా మాట్లాడారు. ఈ దేశంలో ఎన్ని ఊళ్లలో ఫిల్ము చూసే డాక్టరు లేడో చెప్పారు, అదీ నిజమే. నేను మాట్లాడకుండా స్కానరు పక్కన నిలబడ్డాను. ఆంటీ ఈస్టరుకు కట్టే గోధుమరంగు పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆవిడను సారు 'మా సిస్టర్‌జీ' అని పరిచయం చేశారు. ఆవిడ లేచి, తన హాస్పిటల్ హిందీలో, సూది అంటే అందరికీ భయమేనని, ఈ అమ్మాయి మిషను తనకు ఆ బాధ తప్పించిందని చెప్పి కూర్చుంది. చప్పట్లు కొట్టారు.

సారు నాకు తలూపారు. ఆంటీ ఫిల్ము స్కానర్ మీద పెట్టి బటన్ నొక్కాను. వెలుగు గీత నెమ్మదిగా ఆ చివరి దాకా పాకి వచ్చింది. గోడ మీద తెరపై ఆకుపచ్చ అక్షరాలు. మళ్లీ చప్పట్లు. ఆంటీ నా వైపు చూసి, చూశావా అన్నట్టు కళ్లెగరేసింది.

నేను హ్యాండ్‌బ్యాగులోంచి పసుపు పెన్సిలు, దూది, చిన్న స్పిరిట్టు సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఇంకొక్కసారి చేస్తాను మేడమ్, ఒక్క నిమిషం పడుతుంది అని అధ్యక్షురాలితో అన్నాను. సారు, టీ చల్లారిపోతుంది బేటా అన్నారు. ఆ చలిలో అది నిజమే. అధ్యక్షురాలు టీ కప్పు వైపు చూసింది, నా చేతిలో దూది వైపు చూసింది, చెయ్యనివ్వండి అంది.

అది ఆంటీ ఫిల్ము. అడక్కుండా గీయలేను. ముందు వరస దాకా వెళ్లి తెలుగులో అడిగాను.

"ఆంటీ, మీ డాక్టరు గీయబోతే లాక్కున్నారు కదా. ఆ గుండ్రం ఇప్పుడు నేను గీయనా?"

"దేనికే?"

"గీసి, తుడిచేస్తాను. మనం అన్నిటికీ చేసినట్టే."

ఆవిడ తెర మీది ఆకుపచ్చ అక్షరాల వైపు ఒకసారి చూసింది.

"గియ్యి. తుడిచేదేగా."

అందరికీ కనపడేలా ఫిల్ము ఎత్తి పట్టుకుని, గడ్డ చుట్టూ గుండ్రం గీశాను. దూది తడిపి తుడిచాను. తొందరపడలేదు. పసుపు జాడ ఏ మూలా లేకుండా, చుట్టూ తిప్పి, మళ్లీ తిప్పి తుడిచాను. క్యాంటీను ఆయన చూసి ఉంటే మెచ్చుకునేవాడు. ఆరేదాకా ఊదాను. ఫిల్ము కమిటీకి చూపించాను. ఏమీ లేదు, ఇందాకటి ఫిల్మే. స్కానర్ మీద పెట్టి అదే బటన్ నొక్కాను.

వెలుగు గీత మళ్లీ పాకడం మొదలుపెట్టింది. అంత నిదానమైన స్కానరు కొన్నందుకు సారును అంతకుముందు చాలాసార్లు మనసులో తిట్టుకున్నాను. ఆ రోజు తిట్టలేదు.

తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఎర్రగా ఉండాలని ఎంచింది నేనే, దూరం నుంచి కూడా కనిపించాలని. కనిపించాయి.

సిస్టర్‌జీ ఒంట్లో ఈ రెండు నిమిషాల్లో ఏమీ మారలేదని, మారిందల్లా ఫిల్ము మీద నేను దూది తిప్పడమేనని హిందీలో చెప్పాను. మా మిషను గడ్డను చూడదని, తుడుపును చూస్తుందని, ఇందాక ఆకుపచ్చగా చెప్పిన మాటకూ ఇప్పుడు ఎర్రగా చెప్పిన మాటకూ ఒకటే విలువని చెప్పాను. కావాలంటే నా దగ్గర ఒక చీలమండ కూడా ఉందన్నాను. ఎవరూ కావాలనలేదు. అధ్యక్షురాలు రాయడం ఆపి కలం మూత పెట్టింది. సారు ఇది చిన్న సాంకేతిక విషయమని, ఈ పరిస్థితుల్లో ఫిల్ము పాడైందని, అసలు జవాబు మొదటిదేనని మొదలుపెట్టి, రెండోది కూడా పూర్తిగా కొట్టిపారేయలేమని, రెండింటినీ సందర్భాన్ని బట్టి చూడాలని, వాక్యం ఎక్కడ ముగించాలో తెలియక తెర వైపు తిరిగారు.

ఆంటీ అప్పటిదాకా ఆ ఎర్ర అక్షరాలనే చూస్తోంది. నా వైపు చూడలేదు. లేచి నిలబడి, బ్యాగు భుజానికి తగిలించుకుంది. వార్డులో కదలొద్దని గద్దించే గొంతుతో, ఆయనకు తెలుగు రాదన్న సంగతి కూడా మరిచిపోయి, నేరుగా మా సారును అడిగింది.

"అయ్యన్నీ తర్వాత సార్. ఇంతకీ నాకు ఉన్నట్టా, లేనట్టా?"